దొరసాని వంతెన మీద పంపులత్త మొహం

పంపులత్త చెప్పే మాటల్లో ముప్పాతిక అబద్ధాలనీ, మిగతా పావు కోతలనీ వంతెన కింద కాపురమున్న పావురాలకు కూడా తెలుసు.

ఆమెది వంతెన మొదట్లో, తొలి స్తంభం కింద రేకుల షెడ్డు. సైకిళ్లు మొదలుకొని లారీల దాకా గాలి కొట్టడం, పంక్చర్లు వేయడం ఆమె వృత్తి. ఓసారి లారీ టైర్లలో గాలి ఒక పిసరు ఎక్కువైతే, ఆ లారీ నేల విడిచి లేచి, ఎదురుగా ఉన్న కుర్చీల దుకాణం డాబా మీద దిగిందని ఆమె చెప్పేది. మళ్లీ తనే నిచ్చెన వేసుకుని ఎక్కి, ఒక్కో టైరులోంచి కాస్త కాస్త గాలి వదులుతూ, పసిపాపను ఉయ్యాల్లోంచి దించినట్టు దించిందట. దిగాక డ్రైవరు మెచ్చుకోకపోగా, పైన గాలి బాగుంది, ఇంకాసేపు ఉంచాల్సిందని సణిగాడట.

"ఆ డ్రైవరు ఇప్పుడెక్కడున్నాడత్తా?" అని ఎవరైనా కొంటెగా అడిగితే చాలు.

"నా మాట వినకుండా వేరే షెడ్డులో గాలి కొట్టించుకున్నాడు. ఇంకా దిగలేదు" అనేది, ట్యూబు నీళ్లతొట్టిలో ముంచి బుడగలు చూసుకుంటూ.

అలాంటి మనిషి దగ్గర ఒక్కటంటే ఒక్క నిజం ఉండేది. ఎగిరిన లారీ దాని ముందు బలాదూరు. ఊరంతా నోరెళ్లబెట్టాల్సిన నిజం. దాన్ని మాత్రం ఎవరికీ చెప్పడానికి లేదు. కోతల రాణికి దొరక్క దొరక్క ఒక నిజం దొరికితే, దానికి తాళం పడింది. ఎక్కువ గాలి కొట్టిన ట్యూబులా ఆమె ఏళ్ల తరబడి ఉబ్బిపోతూ తిరగడం చూసినవాళ్లు, అత్త ఒళ్లు చేసిందనుకున్నారు తప్ప అసలు సంగతి ఎవరూ పసిగట్టలేదు.

సంగతి ఇది. ఆమె షెడ్డుకు సరిగ్గా పైన, స్తంభానికి బిగించిన ఇనప మొహం ఒకటి ఉంది. బండిచక్రమంత మొహం. తలకు రుమాలు, ఒక కనుబొమ్మ పైకి, నోరు సగం తెరిచి, ఇప్పుడో మరుక్షణంలోనో ఉపన్యాసం మొదలుపెడుతుందా అన్నట్టు ఉంటుంది. అది, వంతెన ఎవరి పేరు మీద ఉందో ఆ పరదేశపు నాయకురాలి మొహమని ఊరంతా అనుకుంటుంది. కాదు. అది పంపులత్త మొహం.

ఈ వంతెన కట్టేనాటికి నగరం దగ్గర ఇసుక ఉంది, సిమెంటు ఉంది, ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. ఉక్కు ఒక్కటే లేదు. అప్పుడు సముద్రాల అవతల ఒక దేశాన్ని ఏలుతున్న ఆవిడ ఓడ నిండా ఉక్కు పంపింది. ఎందుకు పంపిందో ఇప్పటికీ తేలలేదు. వెన్నలాంటి మనసు కనుక పంపిందని కొందరు. తన దేశంలో జైళ్ల ఊచలకు పోగా మిగిలింది మనకు తోసేసిందని మరికొందరు. ఆవిడ పేరు పలకాలంటే నాలుక మూడు మలుపులు తిరగాలి. అంత ఓపిక లేని జనం ఆవిణ్ణి దొరసాని అన్నారు, ఆవిడ పేరు పెట్టిన వంతెనను దొరసాని వంతెన అన్నారు.

వంతెన మొగదల ఆవిడ మొహం ఉండాలని కార్పొరేషన్ తీర్మానించింది. శిల్పిని పిలిస్తే ఆయన తీరిగ్గా చేస్తాడు, ప్రారంభోత్సవం ఆగదు. దాంతో పని కార్పొరేషన్ పోతశాలలో ఇనుము పోసే పంపులత్త అల్లుడి నెత్తిన పడింది. అల్లుడు నెమ్మదస్తుడు. అప్పటిదాకా అతను పోసినవి మురుగుకాలవ మూతలు, పార్కు బెంచీల కాళ్లు, దీపస్తంభాలు. మనిషి మొహం జోలికి ఎన్నడూ పోలేదు.

"మూతలాంటిదేనయ్యా, మధ్యలో ముక్కుంటుంది, అంతే తేడా" అని ఇంజనీరు ధైర్యం చెప్పి, చేతిలో ఒక ఫొటో పెట్టాడు.

ఫొటోలో దొరసాని విమానం మెట్ల మీద నిలబడి జనానికి చెయ్యి ఊపుతోంది. ఆ చెయ్యి సరిగ్గా మొహానికి అడ్డం వచ్చింది. వేళ్లు, గోళ్లు, ఉంగరం అద్దంలా పడ్డాయి. మొహం ఉండాల్సిన చోట అరచెయ్యి ఉంది. దాని పక్క నుంచి ఒక చెవి, చెవి మీదుగా రుమాలు అంచు కనిపిస్తున్నాయి.

"ఇంకో ఫొటో లేదా సార్?"

"ఇదే దొరికింది. అంత మంచి చెవి ఉంది కదా, దాన్నిబట్టి మిగతాది అందుకో."

అల్లుడు ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద బంకమట్టి ముద్ద పెట్టుకుని కూర్చున్నాడు. చెవి చేశాడు. చక్కగా కుదిరింది. ఆ తర్వాత చెవి పక్కన ఏమీ లేని మట్టిని చూస్తూ గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. అటు గదిలో పంపులత్త, గరగరలాడుతున్న రేడియోను తిడుతోంది. తలకు మసి అంటకుండా షెడ్డులో కట్టుకునే రుమాలు ఇంకా విప్పలేదు. ఒక కనుబొమ్మ పైకి లేచి ఉంది. అల్లుడు ఆమె వంక చూశాడు, మట్టి వంక చూశాడు. ఒక దేశాన్ని గడగడలాడించగల మొహం కోసం సముద్రాలు దాటి పోనక్కర్లేదని అతనికి ఆ క్షణాన తట్టింది.

"అత్తయ్యా, కాస్త కదలకుండా ఉంటారా?"

"కదలకుండా ఎలా తిడతానయ్యా?"

"తిడుతూనే ఉండండి. మెడ మాత్రం తిప్పకండి."

అలా కొన్ని సాయంత్రాలు ఆమె షెడ్డు నుంచి తెచ్చిన టైర్ల దొంతర మీద మహారాణిలా కూర్చుంది. అల్లుడు మట్టి పిసికాడు. కూతురు నేల మీద పడ్డ మట్టి ఎత్తిపోస్తూ ఇద్దరినీ కసిరింది. మొదట అల్లుడు నోరు మూసి ఉన్నట్టు చేశాడు. కూతురు వచ్చి చూసి, "ఎవరండీ ఈవిడ? మనింటికెందుకొచ్చారు?" అంది. నోరు సగం తెరిచినట్టు దిద్దగానే, చేతిలో చీపురు జారవిడిచి, "అమ్మ!" అని రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడుగానీ అల్లుడికి పని పూర్తయిందని తెలియలేదు.

సంబరం తగ్గాక కూతురికి భయం పట్టుకుంది.

"అమ్మా, ఇది బయటికి పొక్కిందంటే ఈయన ఉద్యోగం ఊడి చేతిలో పడుతుంది. నీ నోటిమాట నాకు తెలుసు. ఎవరితోనైనా అన్నావంటే నా మీద ఒట్టే."

"ఒక్కరికి, ఆ కుర్చీల దుకాణపు ఆవిడకి..."

"అమ్మా!"

"సరేలేవే. అననులే."

ఇనప మొహానికి నోరు తెరుచుకుంది, అసలు మనిషి నోరు మూతపడింది.

ప్రారంభోత్సవానికి దొరసాని రాలేకపోయింది. ఆవిడ దేశపు రాయబారి వచ్చి గుడ్డ లాగాడు. మొహం చూశాడు. కింద గుంపులో నిలబడిన అల్లుడి మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. రాయబారి చాలాసేపు చూసి, రుమాలు తీసి కళ్లొత్తుకుని ఏదో అన్నాడు. "మా అమ్మగారు అచ్చు దిగిపోయారు, నన్ను కోప్పడేటప్పుడు సరిగ్గా ఇలాగే ఉంటారు అంటున్నారు" అని పక్కనున్నాయన తెలుగులో చెప్పాడు. కోప్పడే దొరసానిని తలెత్తి చూసే ధైర్యం ఆ దేశంలో ఎవరికీ లేకపోవడం అల్లుడి పాలిట అదృష్టమైంది.

మరి ఊళ్లోవాళ్ల కళ్లకేమైంది, రోజూ షెడ్డు ముందు ఆగేవాళ్లు ఎందుకు పోల్చుకోలేదని అడగొచ్చు. గాలి కొట్టించుకునేవాడు టైరు వంక చూస్తాడు, గేజీ వంక చూస్తాడు. కొట్టే మనిషి మొహం వంక ఏనాడూ చూడడు. చూద్దామన్నా అత్త ఎప్పుడూ చక్రం ముందు వంగి ఉంటుంది. ఊరికి తెలిసింది ఆమె వీపు, రుమాలు, నోరు. నోరంటే మాట, మూతి కాదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె మొహాన్ని నింపాదిగా, అపురూపంగా చూసినవాడు మట్టి ముద్ద చేత్తో పట్టుకున్న ఆ అల్లుడొక్కడే. అందుకే ఆ ఇనుమంటే ఆమెకు ప్రాణం. పొద్దున షెడ్డు తలుపు తీయగానే తలెత్తి, "ఏమ్మా, నిద్రపట్టిందా?" అని పలకరించి గానీ పంపు ముట్టుకునేది కాదు. పైన జనం బస్సుల్లోంచి మెడలు సాచి ఆ మొహాన్ని చూస్తూ పోతుంటే, కింద అత్త వంగి గాలి కొడుతూ తనలో తను నవ్వుకునేది.

అయితే దొరసానికి ఈ ఊళ్లో మిత్రులెంతమందో శత్రువులూ అంతమంది. మిత్రులకు పెద్ద పూల ప్లీడరు. ఏటా దొరసాని పుట్టినరోజు పొద్దున నిచ్చెన తెచ్చి ఇనప మొహం చుట్టూ గులాబీలు కట్టి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. శత్రువులకు పెద్ద తారు మాస్టారు, బడిలో చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. అదే రోజు సాయంత్రం, ప్లీడరు మరిచిపోయిన నిచ్చెనే ఎక్కి, ఆ మొహానికి తారు పూసి, దొరసాని జైళ్లలో మగ్గుతున్నవాళ్ల గురించి ఆవేశంగా మాట్లాడి దిగేవాడు. ఇద్దరూ నిజాయితీపరులే. ఇద్దరి సైకిళ్లకూ గాలి కొట్టేది అత్తే.

మర్నాడు పొద్దున అత్త కిరసనాయిలు గుడ్డతో ఆ తారంతా తుడిచేది. చెంపలు తుడుస్తుంటే తన చెంపలే చురుక్కుమనేవి.

"ఆ రాక్షసి మొహం నువ్వెందుకమ్మా కడగడం?" అని మాస్టారు నొచ్చుకునేవాడు.

"మురికైతే కడగొద్దా మాస్టారూ?"

"నీకు చరిత్ర తెలియదు."

"మీకు తారు వదిలించడం తెలియదు. ఈసారి ముక్కు రంధ్రాల్లో పోయకండి, పుల్ల పెట్టి తీయాల్సొస్తోంది."

ఇలా నడుస్తున్న కథకు సముద్రాల అవతల నుంచి గాలి మారింది. దొరసాని గద్దె దిగింది. దిగిందో, దించారో, అక్కడ కూడా రెండు జట్లున్నాయట. ఆ వార్త వచ్చాక ఇక్కడ మాస్టారి బలం పెరిగింది. వంతెనకు ఆవిడ పేరు తీసేయాలా వద్దా అన్నది కార్పొరేషన్‌లో కుర్చీలు విరిగేదాకా వచ్చి వాయిదా పడింది. ముందు మొహం మాత్రం తీసేయాలని తీర్మానమైంది. ఆ వారాంతంలోనే క్రేను వస్తుందని, కింద షెడ్డు ముందు చోటు ఖాళీ చేయమని ఇంజనీరు స్వయంగా వచ్చి చెప్పాడు.

"తీసి ఏం చేస్తారు బాబూ?" అని అత్త అడిగింది.

"ఇనుమే కదత్తా. కరిగించి మూతలు పోస్తారు. నీ అల్లుడే పోస్తాడు."

ఆ పూట అత్త ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కలిపింది, రెండు ముద్దలతో ఆపేసింది. రేడియోను తిట్టలేదు. కూతురు పప్పులో ఉప్పు ఎక్కువేసి కూడా చూసింది. ఊహూ, ఒక్క మాట రాలేదు. ఇల్లు ఇల్లులా లేదు, పరీక్షల గదిలా ఉంది.

చివరికి అల్లుడే కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"అత్తయ్యా, చెప్పేయండి."

"ఏం చెప్పను నాయనా?"

"ఆ మొహం మీదేనని చెప్పేయండి. పోతే నా ఉద్యోగం పోతుంది. ఇనుము పోసేవాడికి ఎక్కడైనా పని దొరుకుతుంది. మిమ్మల్ని కరిగించి మురుగుకాలవ మూత పోయమంటే నా వల్ల కాదు."

అత్త కూతురి వంక చూసింది. కూతురు ముక్కు ఎగబీలుస్తూ, "ఒట్టు తీసేశాన్లే" అంది.

పంపులత్త ఆనందం అంతా ఇంతా కాదు. ఏళ్ల తరబడి బిగబట్టిన గాలి! మర్నాడు ఉదయమే రుమాలు ఉతికి కట్టుకుని, ఇంజనీరు ఆఫీసు గది తలుపు తోసుకుని వెళ్లింది.

"బాబూ, ఆ మొహం దొరసానిది కాదు. నాది."

ఇంజనీరు తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. పక్క గదుల్లో వాళ్లను కేకేశాడు. "రండ్రా, రండి! అత్త కొత్తది తెచ్చింది! అత్తా, మళ్లీ మొదట్నుంచీ చెప్పు."

"నిజం బాబూ! నా తోడు, నా పంపు తోడు! టైర్ల మీద కూర్చోబెట్టి నన్ను చూసి చేశాడు నా అల్లుడు."

"ఆ లారీ దించావే, ఆ టైర్లేనా?" అన్నాడొకడు.

"కాదత్తా, ఆలోచించు," ఇంజనీరు కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. "ఆ ముక్కు చూశావా? ఏడు తరాల అధికారం కనిపిస్తుంది అందులో. ఫొటో పక్కన పెట్టుకుని నేనే సరిచూశాను."

"నా ముక్కుకేం తక్కువ?"

"ఏమీ తక్కువ లేదు. పైకి లేచి ఆకాశం చూడలేదు పాపం, అంతే."

ఆమె బతిమాలింది, దెబ్బలాడింది, పక్కకు తిరిగి ముక్కు చూపించింది. ఎంత చెబితే అంత నవ్వారు. మధ్యాహ్నానికి కథ వంతెన అంతా పాకింది. ఎగిరిన లారీ కంటే ఇది బాగుందని కుర్చీల దుకాణపు ఆవిడ మెచ్చుకుంది. పూల ప్లీడరు మాత్రం, చావుబతుకుల సమయంలో ఇలాంటి పరాచికాలు తగవని మందలించాడు. అబద్ధాలన్నిటినీ వింటూ తలూపిన ఊరు, నిజం చెప్పేసరికి చప్పట్లు కొట్టి ఇంటికి పోయింది. అత్త మొహం చిన్నబోయింది.

"పోనీలే నాయనా," అంది అల్లుడితో. "నీ ఉద్యోగం దక్కింది. ఇక నోరెత్తను."

క్రేను రానే వచ్చింది. దాని వెనకే జనం వచ్చారు. ఒక పక్క ప్లీడరు, ఆయన మనుషులు నల్లబట్టలు కట్టుకుని, కూతురిని అత్తారింటికి సాగనంపుతున్న పుట్టింటివారిలా ముక్కులు తుడుచుకుంటున్నారు. మరో పక్క మాస్టారు, ఆయన మనుషులు. మాస్టారు తన విజయోపన్యాసం కోసం స్తంభం కిందే చెక్కలతో ఒక వేదిక కూడా కొట్టించుకున్నాడు. కొట్టినవాడు తొందర మనిషి. మేకులు సగం చెక్కలోకి, సగం రోడ్డు మీదికి పోయాయి. అందులో బారెడు మేకొకటి క్రేను ముందు చక్రం కింద పడింది. బుస్సుమన్న చప్పుడుకు వంతెన కింది పావురాలన్నీ లేచిపోయాయి. క్రేను ఒక పక్కకు, తాగినవాడిలా ఒరిగింది.

మేకు అత్తే వేసిందని తర్వాత కొందరు గుసగుసలాడారు. అన్యాయం. పని మీద అంత గౌరవం ఉన్న మనిషి మేకు వేయదు. వేస్తే నాలుగు చక్రాలకూ వేస్తుంది.

ఇంజనీరు తల పట్టుకున్నాడు. క్రేను డ్రైవరు దిగి చక్రాన్ని తన్ని, "ఇక్కడ పంక్చరు వేసేదెవరు?" అని అరిచాడు. ఊరు ఊరంతా ఒకే వైపు చూసింది.

అత్త జాకీ తీసింది. తన మొహాన్ని పీకడానికి వచ్చిన బండికి తనే చక్రం బాగుచేయాలి. ఒక్క మాట అనకుండా బోల్టులు విప్పింది, టైరు ఊడదీసింది, ట్యూబు లాగి తొట్టిలో ముంచింది. బుడగలు వచ్చిన చోట సుద్దతో గీసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసింది. ఆమె ఒక్క మాటా మాట్లాడకుండా పంక్చరు వేయడం ఎవరూ ఎరగరు. జనం ఉపన్యాసాలు మాని అటు చూడటం మొదలుపెట్టారు.

"అత్తకు ఒంట్లో బాగాలేదా ఏంటి?"

"ఏదో ఒకటి చెప్పత్తా! పోనీ ఆ పడవకి గాలి కొట్టింది చెప్పు!"

అత్త చెప్పలేదు. మసిచేత్తో చెమట తుడుచుకుంది, అంతే. ఆ చేతి మసి రెండు చెంపల మీదా, ముక్కు మీదా అడ్డంగా పాకింది.

మళ్లీ క్యాబినులోకెక్కి కూర్చున్న క్రేను డ్రైవరు పొరుగూరి మనిషి. ఈ గొడవలేవీ తెలియనివాడు. తోచక తలెత్తి ఇనప మొహాన్ని చూశాడు.

"ఏం మొహమయ్యా బాబూ! ఆ మూతి చూడు, కుళాయి పీకేసిన గోడలాగ! ఇలాంటిది రోడ్డు మీద పెట్టారా ఇన్నాళ్లు? పిల్లలు జడుసుకోలేదూ?"

అత్త చేతిలో స్పానరు ఆగింది. చక్రం ముందు నుంచి ఆమె మెల్లగా, పూర్తిగా లేచి నిలబడింది. క్యాబిను ఎత్తుకు అందడానికి ఏమున్నదా అని చూసింది. మాస్టారి వేదిక కనిపించింది. ఎక్కేసింది. స్పానరు పైకెత్తి, కనుబొమ్మ లేపి, నోరు తెరిచింది.

"ఎవరి మూతినిరా అంటున్నావు? కిందికి దిగు! నీ మొహానికి అద్దం చూపిస్తే అద్దమే కళ్లు మూసుకుంటుంది! కుళాయి పీకేసిన గోడా? నీ ఇంట్లో కుళాయి పీకి నీ నోట్లో బిగిస్తా! ఆ ముక్కు ఏమిటో, ఆ చెంపలేమిటో నీకేం తెలుసురా, అచ్చుకోసం సాయంత్రాలకు సాయంత్రాలు మెడ తిప్పకుండా..."

అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే జనం చప్పుడు ఆగిపోయింది.

ఆమె నిలబడింది సరిగ్గా ఇనప మొహం కింద. పైన రుమాలు, కింద రుమాలు. పైన లేచిన కనుబొమ్మ, కింద లేచిన కనుబొమ్మ. పైన సగం తెరిచిన నోరు, కింద పూర్తిగా తెరిచిన నోరు. పైన చెంపల మీద ఎంత తుడిచినా పోని పోయినేటి తారు మరకలు, కింద అదే చోట మసి. గాలి కొట్టే పంపు పిడిలాగ వందల తలలు ఒకేసారి పైకి లేచాయి, కిందికి దిగాయి, మళ్లీ పైకి లేచాయి.

మొట్టమొదట నోరు పెగిలింది మాస్టారికి.

"అమ్మా... నేను ఇన్నేళ్లుగా తారు పూసింది... నీకా?"

"మరి ఎవరికి పూశాననుకున్నారు మాస్టారూ?"

"అయితే నేను గులాబీలు పెట్టి కళ్లు మూసుకున్నది..." ప్లీడరు అందుకున్నాడు.

"నాకే. గులాబీలు నాకు పడవు, తుమ్ములొస్తాయి. ఏనాడైనా అడిగారా?"

జనంలో ఎక్కడో ఒక ముసలాయన కిసుక్కుమన్నాడు. అంతే. ఆ నవ్వు పక్కవాడికి, వాడి పక్కవాడికి అంటుకుని వంతెన ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. బస్సులు ఆగిపోయాయి. బస్సుల్లో వాళ్లు దేనికో తెలియకుండానే నవ్వారు.

నవ్వనిది ఇద్దరే. అల్లుడు గుంపును తోసుకుని ముందుకొచ్చి, "పోసింది నేనే సార్" అని తల వంచుకుని నిలబడ్డాడు. ఇంజనీరు అతని వంక కొరకొరా చూసి నోరు తెరవబోయాడు. ఇంతలో కుర్చీల దుకాణపు ఆవిడ గట్టిగా, "అవునూ, ఫొటో పక్కన పెట్టుకుని సరిచూసింది ఎవరో అన్నారు మొన్న?" అంది. వందల తలలు ఇంజనీరు వైపు తిరిగాయి.

ఇంజనీర్లు ఊరికే ఇంజనీర్లు కారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"దొరసాని మొహం తీసేయాలని కదా తీర్మానం? ఇది దొరసాని మొహం కాదని తేలింది. కనుక ఇక్కడ తీయడానికి ఏమీ లేదు. క్రేను వెనక్కి పోవచ్చు."

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు. "అంటే ఆ నియంత మొహం మన వంతెన మీద ఏనాడూ లేదు! గెలిచాం!"

ప్లీడరు ఊరుకుంటాడా? "మా తల్లి మొహం మీద ఏనాడూ తారు చుక్క పడలేదు! గెలిచింది మేము!"

రెండు జట్లూ చెరో వైపుకు ఊరేగింపుగా పోబోతుంటే ఇంజనీరుకు పాడు అనుమానం వచ్చింది.

"ఒరే అబ్బాయ్, అంతా మీ అత్తదేనా? పూర్తిగా?"

అల్లుడు అబద్ధమాడటం చేతకానివాడు. "చెవి మాత్రం ఫొటోలోది సార్. చెవి దొరసానిదే."

ఊరేగింపులు ఆగిపోయాయి. "అయితే చెవి తీయించాలి!" అన్నాడు మాస్టారు. "చెవి మీద చెయ్యి పడనివ్వం!" అన్నాడు ప్లీడరు. అత్త స్పానరు ఊపింది.

"నా మొహానికున్న చెవిని ముట్టుకోండి చూద్దాం!"

ఎవరూ ముట్టుకోలేదు. అత్త కిందికి దిగి, ట్యూబు ఎక్కించి, టైరు బిగించి, గాలి కొట్టింది. డ్రైవరు ఆమెకు వంగి వంగి దండం పెట్టి బండి తోలుకుపోయాడు. అతను ఆమె మొహాన్ని చూసిన చూపు, ఇక జన్మలో ఏ ఇనుమునూ వెక్కిరించేలా లేదు.

అల్లుడి ఉద్యోగం పోలేదు. ఇక మీదట మూతలు, బెంచీలు తప్ప మనుషుల జోలికి పోకూడదని మాత్రం ఆజ్ఞ అయింది. వంతెన పేరు గొడవ ఇంకా వాయిదాల్లోనే ఉంది. "పేరు ఆవిడకే ఉంచండి పాపం, ఉక్కు ఇచ్చింది" అని అత్త ఉదారంగా అంటుంది. దొరసాని పుట్టినరోజున ప్లీడరు ఇప్పటికీ నిచ్చెన తెస్తాడు. గులాబీలు కావు, ఏదో వాసన లేని పువ్వు ఒక్కటి, ఇనప చెవి మీద దోపుతాడు. సాయంత్రం మాస్టారు వచ్చి, పక్కకు కారకుండా జాగ్రత్తగా, చిన్న కుంచెతో చెవికి మాత్రం తారు రాస్తాడు. ఆ తర్వాత తనే కిరసనాయిలు గుడ్డ పట్టుకుని అంచులు తుడుస్తాడు. "అక్కడ ఇంకాస్త మాస్టారూ, చెంప మీదికొచ్చింది" అని అత్త కింద నుంచి చెబుతుంది.

అయితే కొన్నాళ్లు అత్తకు మనసు మనసులో లేదు. అందరూ నమ్మేశారు. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఆమె మొహం వంక చూసి, "నిజంగా నీదేనత్తా" అంటున్నారు. ఆమె "అవును" అంటోంది. అక్కడితో మాట అయిపోతోంది. అంత పెద్ద సంగతి ఇంత చప్పగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఓ ఉదయం దారినపోయే కొత్త మనిషొకడు సైకిలు ఆపి, గాలి కొట్టించుకుంటూ తలెత్తి చూశాడు.

"ఎవరమ్మా ఆవిడ? అచ్చం మీలా ఉన్నారు!"

అత్త పంపు ఆపింది. అటూ ఇటూ చూసింది. కనుబొమ్మ మెల్లగా పైకి లేచింది.

"అదా! ఏం చెప్పను నాయనా. దొరసాని స్వయంగా విమానం దిగి, తిన్నగా నా షెడ్డుకొచ్చింది. ఇదిగో, ఈ టైరు మీదే కూర్చుంది. 'అక్కా, అంత పెద్ద వంతెనకు నా మొహం ఆనదు, నీది ఇవ్వవూ' అని ఒకటే ఏడుపు. సరే పొమ్మన్నాను. పోతూ పోతూ గుర్తుగా తన చెవి ఒకటి వదిలేసి పోయింది. అదే ఆ చెవి. ఇప్పుడు అక్కడ ఆవిడకి ఒక వైపే వినపడుతుందట."

కొత్త మనిషి సైకిలు పట్టుకుని పగలబడి నవ్వాడు. "భలే కోస్తారమ్మా మీరు!"

ఒక్క ముక్క నమ్మలేదు. పంపులత్తకు ప్రాణం లేచొచ్చింది. వెనక చక్రానికి కూడా, అడక్కుండానే, గాలి కొట్టి పంపింది. ఒక పిసరు ఎక్కువే కొట్టింది.